పన్నెండు పేర్ల కాలు

నమోదు 2206. వాపసు: నూటికి 94

దోర్నపాడు పునర్జన్మ కార్ఖానా, వాపసు విభాగం. రాస్తున్నది ముప్పరాజు సుభాషిణి, వాపసు అధికారి.

పై రెండు వాక్యాలూ రోజూ రాయాలని నిబంధన. ఆ తర్వాత నేనేం రాసినా ఒకటే. పెద్దాఫీసులో దీన్ని చదివేది యంత్రం, దానికి కావలసింది పైనున్న అంకె ఒక్కటే. మా మేనేజరు గారి గురించి ఆరేళ్ళుగా ఈ పుస్తకంలో రాసిన మాటలు మనిషన్నవాడు చదివి ఉంటే ఈపాటికి నా ఉద్యోగం ఊడిపోయేది. ఊడలేదు కాబట్టి నిశ్చింతగా రాసుకుంటున్నాను.

ఈరోజు వాపసు వచ్చిన బిందెలన్నీ బోర్లించి, అడుగున ముద్ర చూసి, జన్మలవారీగా కుప్పలు పోయించాను. ఆముదం నూనె ప్లాస్టిక్‌తో తొలిసారి పోసినది మొదటి జన్మ. ఏడాది వాడుకుని తిరిగిస్తే కరిగించి, తగ్గిన సత్తువకు గుప్పెడు కొత్త ఆముదం గుళికలు కలిపి మళ్ళీ పోస్తాం. అది రెండో జన్మ. ఏడో జన్మ దాటాక బిందె ఇటుకైపోతుంది. పాత బిందె ఇచ్చినవాళ్ళకు అప్పటికప్పుడే ఇంకో బిందె చేతిలో పెట్టి పంపుతాం. భూమిలోంచి తోడిన చమురుతో ప్లాస్టిక్ చేయడం మా అమ్మమ్మ కాలంలోనే నేరమైపోయింది. ఉన్న లోహమంతా బ్యాటరీలకు పోతోంది. కాబట్టి ఇంట్లో నీళ్ళు పట్టుకోవాలన్నా, శుభకార్యంలో కానుక పెట్టాలన్నా ఈ ఊరికి మా బిందెలే గతి.

అలాగని వాటి మీద ఎవరికీ ప్రేమ లేదు. మధ్యాహ్నం తాళ్ళూరి తులశమ్మ గారు వచ్చారు. పోయిన భర్తకు సంవత్సరీకం చేస్తూ ఊరందరికీ బిందెలు పంచాలని ఆవిడ కోరిక. కౌంటరు మీద పెట్టిన బిందెను వేలి కొసతో ఇటు తిప్పి అటు తిప్పి అడిగారు.

“ఇది ముందు ఎవరింటి బిందె?”

“నాలుగో జన్మండీ. కరిగించి పోశాం కదా, ఇప్పుడు కొత్తదే.”

“కరిగిస్తే మాత్రం ఎంగిలి పోద్దా ఏంది? ఏ పేటలో తిరిగొచ్చిందో, ఎవరెవరు ముట్టుకున్నారో. నాకు మొదటి జన్మయే కావాల.”

మొదటి జన్మవి కావాలంటే ఆముదం కావాలి. ఆముదం చేలు ఉన్నవే కాసిని. ఈ నెల వాటా ఎప్పుడో అయిపోయింది. ఆ మాటే చెప్పాను. తులశమ్మ గారు ఆ వేలిని కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయారు. కొలిమి దగ్గర నిలబడి ఇదంతా వింటున్న ఏసురత్నం మళ్ళీ పనిలో పడ్డాడు. అతను మా కొలిమి ఆపరేటరు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి బిందెలన్నీ అతని చేతుల మీదుగానే మళ్ళీ పుడుతున్నాయి.

నమోదు 2214. వాపసు: నూటికి 94

మేనేజరు పట్టాభిరామయ్య గారు మీటింగు పెట్టారు. సమస్య వస్తే మీటింగు పెడతారు, రాకపోతే ఎందుకు రాలేదని పెడతారు. ఈసారి నిజంగానే సమస్య ఉంది. రెండో జన్మ నుంచి ఆరో జన్మ దాకా బిందెలు గోదాములో కొండలా పేరుకుపోయాయి. అందరూ మొదటి జన్మే అడుగుతున్నారు. అందరికీ మొదటి జన్మే ఇస్తే మూడు నెలల్లో జిల్లాలో ఆముదం గింజ మిగలదు.

“ఎంగిలి అంటున్నారు సుభాషిణి గారూ. దీనికి సైన్సులో మందేమన్నా ఉందా?” అన్నారాయన.

సైన్సులో లేదుగానీ నా బుర్రలో ఉంది. పేర్లు చెక్కి ఇద్దామన్నాను. గిన్నె మీదైనా గరిటె మీదైనా మన పేరు పడితే అది మనదే, దాని పూర్వజన్మ ఎవరికీ గుర్తుండదు. అందులోనూ మనవాళ్ళు తమ ఇంట్లో ఉంచుకునే వస్తువు మీదకన్నా, పక్కవాళ్ళకిచ్చే వస్తువు మీద పేరు వేయించుకోవడానికి ఇంకా ముచ్చటపడతారు. ఫలానావారి కానుక అని చెక్కి ఉన్న బిందెతో ఎదుటివాళ్ళు రోజూ నీళ్ళు మోస్తుంటే ఆ ఆనందమే వేరు.

పట్టాభిరామయ్య గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. నాకూ గర్వంగానే అనిపించింది, కాదనను.

నమోదు 2290. వాపసు: నూటికి 94

గోదాము ఖాళీ. ఏసురత్నం కొలిమి చూసుకుంటూనే, మధ్య మధ్యలో కౌంటరు దగ్గరికొచ్చి సూదికలంతో పేర్లు చెక్కుతున్నాడు. అతని అక్షరం ముత్యంలా ఉంటుంది. శ్రీమంతం, అన్నప్రాసన, పంచెల ఫంక్షను, రిటైర్మెంటు, ఏదో ఒక సందర్భం చెబుతున్నారు, పదీ పాతికా బిందెలు ఎత్తుకుపోతున్నారు. ఎంగిలి మాట ఎత్తినవాళ్ళు లేరు.

తులశమ్మ గారు అరవై నాలుగు బిందెలు తీసుకున్నారు. అన్నీ మూడో జన్మవే, నోరెత్తలేదు. ఒక్కోదాని మీద ‘కీ.శే. తాళ్ళూరి రాఘవయ్య గారి జ్ఞాపకార్థం’ అని చెక్కించారు. రాఘవయ్య గారు బతికుండగా ఊళ్ళో ఎవరికీ మంచినీళ్ళయినా ఇచ్చిన గుర్తు లేదు. ఇప్పుడు ఊరంతా ఆయన పేరు మీద నీళ్ళు తాగుతోంది.

మా అమ్మాయి శ్రీమంతానికి నేనూ పంతొమ్మిది చెక్కించాను. ‘ముప్పరాజు సుభాషిణి, వాపసు అధికారి’ అని రాసి, అటొకటి ఇటొకటి చిలకలు వేయించాను. హోదా ఎందుకు వేయించావని మా అమ్మాయి అడిగింది. ఆ పేరుతో ఇంకో సుభాషిణి ఉంటే జనం తికమకపడతారని చెప్పాను.

నమోదు 2588. వాపసు: నూటికి 82

పేర్లున్న బిందెలకు ఏడాది నిండటం మొదలైంది. తిరిగి రావడం మాత్రం మొదలు కాలేదు.

ఈరోజు సంచీ తగిలించుకుని నేనే ఇల్లిల్లూ తిరిగాను. మూడో వార్డులో ఒకావిడ నన్ను చూసి గభాలున తలుపు దగ్గరికి వేసింది. తర్వాత మొహమాటపడి తీసింది. రాఘవయ్య గారి బిందె అటక మీద, పాత చీరలో చుట్టి ఉంది. ఏడాదిగా ఒక్కసారి కూడా నీళ్ళు పట్టలేదట.

“వాడితే పేరు అరిగిపోద్ది గదండీ.”

“వాడకపోతే మరీ మంచిది, గట్టిగా ఉంటుంది. ఇచ్చెయ్యండి, కొత్తది ఇస్తాను.”

“ఇస్తే ఎట్టాగండీ? మొన్ననే తులశమ్మత్తయ్య వచ్చి, మావయ్య బిందె ఏదమ్మాయ్ అని అడిగింది. దించి చూపిచ్చా. రేపొచ్చి మళ్ళా అడిగితే ఏం చూపియ్యమంటారు? కరిగిచ్చేశానని చెప్పేదా?”

ఖాళీ సంచీతో బయటికొచ్చాను. తిరిగిన పద్దెనిమిది ఇళ్ళలోనూ ఇదే కథ. ఇచ్చినవాళ్ళు చుట్టపుచూపుగా వచ్చి చూసిపోతారు, పుచ్చుకున్నవాళ్ళు దించి చూపిస్తారు. ఐదో వార్డులో ఒకాయన తెలియక తోడల్లుడి బిందె తిరిగిచ్చేశాడు. మా ఇంటిపేరు కరిగించాడని ఆ తోడల్లుడు ఇప్పుడు అతనితో మాట్లాడటం లేదు. ఆ ముచ్చట తెలిశాక బిందె తిరిగివ్వాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే అదీ పోయింది.

నమోదు 2602. వాపసు: నూటికి 77

ఈరోజు వచ్చిన కుప్పలో పేరున్న బిందె ఒకే ఒక్కటి ఉంది. అటూ ఇటూ చిలకలు, మధ్యలో నా పేరు.

వాపసు అధికారిగా నేను ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. నా చెవుల్లోంచి వేడి ఆవిరి వచ్చినట్టయింది. ఎవరిచ్చారో చూస్తే మా తోడికోడలు రుక్మిణి. వెంటనే ఫోను చేశాను.

“ఏం రుక్మిణీ, మా బిందె మీకంత బరువైపోయిందా?”

“అయ్యో, అదేంటక్కా! మొన్న మైకులో బిందెలన్నీ తిరిగియ్యండని అరిచింది మీరే గదా.”

“అరిచాను. అది ఊరికి చెప్పింది.”

ఫోను పెట్టేశాక ఆ వాక్యం నాకే ఇంకోసారి వినిపించింది. అప్పటికి ఏసురత్నం ఆ బిందెను కొలిమి వైపు తీసుకుపోతున్నాడు. “దీన్ని పక్కన పెట్టమంటారా మేడమ్?” అని అడిగాడు. వద్దు, వేసెయ్యమన్నాను. వేసేటప్పుడు అటు చూడలేదు.

నమోదు 2640. వాపసు: నూటికి 71

పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరు ఎంత తిరిగిస్తే ఊరికి అంత సరుకు. వాపసు ఎనభైకి తగ్గితే కొన్ని వస్తువులు ఆపేయాలి. ఏవి ఆపాలన్నది యంత్రమే న్యాయంగా తేల్చింది. తక్కువమంది వాడేవి ముందు ఆపాలట. జాబితాలో మొట్టమొదటిది, ఊరు మొత్తానికి ఒకే ఒక్కరు వాడే వస్తువు: మోకాలి కింద తొడుక్కునే కాలు, ఎడమది.

ఆ ఒక్కరూ ఏసురత్నం. ఇరవై రెండేళ్ళప్పుడు లారీ గుద్ది ఎడమ కాలు మోకాలి కిందికి పోయింది. రెండేళ్ళకోసారి మేమే కొత్త కాలు పోసిస్తాం. ఇప్పుడున్నదానికి గడువు దాటి నాలుగు నెలలైంది. పైన, మిగిలిన కాలు దూరే గిన్నె దగ్గర, పగులిచ్చింది. పట్టీలు చుట్టుకుని కొలిమి దగ్గర నిలబడుతున్నాడు.

పెద్దాఫీసుకు రాశాను, ఈ కాలు పొయ్యడానికి రెండు బిందెల సరుకు చాలు, అనుమతివ్వండి అని. ఎక్కువమంది వాడే వస్తువు ఏదైనా కోరుకోమని యంత్రం జవాబిచ్చింది. ఇద్దరు కలిసి వాడే కాలు ఎక్కడైనా ఉంటే నమూనా పంపమని తిరిగి రాశాను. దానికి జవాబు రాలేదు. కాలు పోసే అచ్చు యంత్రానికి తాళం పెద్దాఫీసు నుంచే పడుతుంది, ఎనభై దాటితే తప్ప తెరుచుకోదు.

నమోదు 2641. వాపసు: నూటికి 71

భోజనాల వేళ ఏసురత్నం కాలు విప్పి పట్టీ మార్చుకుంటుంటే చూశాను. లోపల చర్మం పచ్చి పుండైంది.

“డాక్టరుకు చూపించావా?”

“చూపిచ్చా మేడమ్. ఇట్టాగే ఇంకో నెల తిరిగితే మోకాలు గూడా తియ్యాల్సొస్తదంట. ఒకేళ తీస్తే పైనుంచి కావాల గదా కాలు, దానికి నాలుగు బిందెలు పడతయ్యేమో.”

నవ్వుతూనే అన్నాడు. నేను క్యారేజీ మూసేశాను. పేర్లు చెక్కిద్దామన్నది నేను. చప్పట్లు కొట్టించుకున్నదీ నేను. పుండు పడ్డది ఇతని కాలికి. ఈ విషయం పట్టాభిరామయ్య గారితో అంటే, అంతగా బాధపడకండి, ఆలోచన మీదే అయినా అమలు చేసింది మనమందరమూ కదా అని ఓదార్చారు. అమలు చేసి ఆ పేర్లు చెక్కింది కూడా ఏసురత్నమేనని ఆయనకు గుర్తు చేయలేదు.

నమోదు 2649. వాపసు: నూటికి 71

ఊరి సభ పెట్టించాను. కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ఏసురత్నం పరిస్థితి చెప్పాను. జాలికి ఏ లోటూ లేదు. ఆడవాళ్ళు చ్చొచ్చొచ్చో అన్నారు, మగవాళ్ళు తలలు ఊపారు. ఎనభై దాటాలంటే నాలుగు వందల ముప్ఫై బిందెలు కావాలన్నాను. అందరూ పక్కవాళ్ళ వైపు చూశారు.

లెక్క తీస్తే తేలిందేమిటంటే, ఊళ్ళో పేర్లున్న బిందెలు ఎక్కువగా పంచింది పన్నెండు ఇళ్ళవాళ్ళు. వాళ్ళు సరేనంటే చాలు, పుచ్చుకున్నవాళ్ళు తెచ్చిచ్చేస్తారు. ఆ పన్నెండులో నేనూ ఒకదాన్ని. నావి మిగిలినవి పద్దెనిమిది. ముందుగా లేచి నా పద్దెనిమిదీ కరిగించమన్నాను. ఎవరూ నా వెనక లేవలేదు.

తులశమ్మ గారు మాత్రం ఉన్నచోటి నుంచే అన్నారు, “పాపం, నాకూ జాలిగానే ఉంది. కానీ అరవై నాలుగు బిందెలు కరిగిచ్చేస్తే మా ఆయన పేరు ఇంక ఊళ్ళో ఎక్కడుంటదమ్మాయ్?”

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఏసురత్నం ఆ మాటకు ఒక్కసారి మండిపోయాడు. ఇరవై ఏళ్ళలో అతను గొంతు పెంచగా నేను వినలేదు.

“నా కాలు మీద రాసుకోండమ్మా! తిరిగినచోటల్లా కనపడద్ది!”

వెంటనే తనే తప్పు మాట్లాడానని తల దించుకున్నాడు. తులశమ్మ గారు గొంతు సవరించుకున్నారు.

“అక్షరాలు ఎంతెంత పడతయ్యి?”

వెటకారం అనుకున్నాను. కాదు. పక్కనున్న ఇంకొకాయన, చిలకలు వేస్తారా అని అడిగాడు.

నమోదు 2656. వాపసు: నూటికి 83

ఏడు రోజుల్లో ఐదు వందల డెబ్బై ఎనిమిది బిందెలు వచ్చాయి. జనం వరసలో నిలబడి మరీ ఇచ్చారు. అటకల మీద ఏడాదిపాటు చీరల్లో చుట్టి దాచినవి కావడంతో ఒక్కదాని మీదా గీత లేదు. మూడో జన్మ సరుకు ఇంత బాగుండగా నేనెప్పుడూ చూడలేదు. అచ్చు యంత్రం తాళం ఊడింది.

ఇక పేర్ల గొడవ. కాలికి ముందువైపు, పక్కలా కలిపి పన్నెండు వరసలే చెక్కొచ్చు. పదమూడోది చెక్కితే కాలు బలహీనపడుతుందని మా తనిఖీ యంత్రం ఒప్పుకోదు. ఇళ్ళూ పన్నెండే కాబట్టి సరిపోయింది. కానీ అడ్డంగా చెక్కితే కింది వరసలు పాదం దగ్గరికి వస్తున్నాయి. మా తాత పేరు పాదం దగ్గరా అని ముగ్గురు లేచారు. మోకాలి దగ్గరైతే మాదే కావాలని ఐదుగురు లేచారు. పట్టాభిరామయ్య గారు మూడు మీటింగులు పెట్టారు. చివరికి అన్ని పేర్లనూ నిలువుగా, అన్నీ మోకాలి దగ్గరే మొదలయ్యేలా చెక్కాలని తీర్మానం చేశాం.

ఈ మొత్తంలో ఏసురత్నం ఒకే ఒక్క అభ్యంతరం చెప్పాడు.

“కీ.శే. మాత్రం వద్దు మేడమ్. బతికున్న కాలు గదా.”

తులశమ్మ గారు ఒక పూట అలిగి ఒప్పుకున్నారు. నక్షా గీసింది నేను. పన్నెండు వరసల్లో నా పేరు సరిగ్గా ముందువైపు, నడిమధ్యన వచ్చింది. అది యాదృచ్ఛికం అని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నమోదు 2661. వాపసు: నూటికి 84

కాలు పోశాం. ఏసురత్నమే కొలిమి చూసుకున్నాడు, తన కాలు తనే అచ్చులో పోసుకున్నాడు. పేర్లు మాత్రం నేను చెక్కాను. అతని చేత చెక్కించడానికి నాకు మనసొప్పలేదు. తొడుక్కుని, కార్ఖానా ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిచాడు. నొప్పి లేదన్నాడు. నేను గోదాములోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

నమోదు 2683. వాపసు: నూటికి 86

పుండు మానింది. కొత్త బాధ మొదలైంది.

ఏసురత్నం ప్యాంటు కిందికి వదిలి నడుస్తున్నాడని ఇప్పటికి నాలుగు ఫిర్యాదులు వచ్చాయి. పేర్లు కనపడటం లేదట. మేనేజరు గారు అతన్ని పిలిచి, చెయ్యి పట్టుకుని బతిమాలారు. ఎడమ వైపు ఒక్కటీ మోకాలి దాకా మడిచి తిరిగితే ఊరు సంతోషిస్తుందన్నారు. అతను చెయ్యి విడిపించుకుని కొలిమి దగ్గరికి వెళ్ళిపోయాడు.

బజారులో తులశమ్మ గారు ఆపారట. “ఒక్క నిమిషం ఆగు నాయనా” అని కిందికి వంగి, ఆవిడే ప్యాంటు పైకెత్తి, రాఘవయ్య గారి పేరు మీద దుమ్మును కొంగుతో తుడిచారట. బిందెను వేలి కొసతో ముట్టుకున్న మనిషే. ఇందుకు ఆవిణ్ణి వెక్కిరించే అర్హత నాకు లేదు. మొన్న నేనూ మాటల మధ్యలో, కాలు సరిగ్గా ఉందా అంటూ వంగి, నా పేరు ఉందో లేదో చూసుకున్నాను.

శుభలేఖలు కూడా వస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఏసురత్నాన్ని గడప లోపలికి పిలవని ఇళ్ళవాళ్ళు పిలుస్తున్నారు. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు. కాలు కాస్త ముందుకు చాపుకోమంటున్నారు.

నమోదు 2690. వాపసు: నూటికి 86

సాయంత్రం పని అయ్యాక ఏసురత్నం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కూర్చుని, కాలు విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఒకటడుగుతా, ఏమీ అనుకోవద్దు మేడమ్. నిన్న పెళ్ళిలో ఒక పాప వచ్చింది, ఐదారేళ్ళుంటయ్యి. నా కాలు మీద పేర్లన్నీ కూడబలుక్కుని చదివింది. చదివి, ‘ఇందులో నీ పేరు ఏది తాతా?’ అంది.”

“నువ్వేమన్నావు?”

“నేను గూడా వెతికా మేడమ్.”

ఇద్దరం ఆ కాలి వైపు చూశాం. పన్నెండు పేర్లు. ఏడాదికి పైగా ఊరందరి పేర్లూ తన చేత్తో చెక్కిన మనిషి. ఈ కాలు మీద ఆ మనిషి పేరు ఉండాలని పన్నెండు ఇళ్ళలో, మూడు మీటింగుల్లో, ఒక్కరికీ తోచలేదు. నక్షా గీసిన నాకూ తోచలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

“పదమూడోది యంత్రం ఒప్పుకోదు” అన్నాను. నా గొంతు నాకే పెద్దాఫీసు గొంతులా వినిపించింది. “లోపలివైపు రాద్దామా? అక్కడ రంగుతో రాయొచ్చు. ఎవరికీ కనపడదు కూడా.”

అతను కాలు తీసుకుని తొడుక్కున్నాడు. పట్టీలు బిగించుకున్నాడు.

“లోపలొద్దు మేడమ్” అన్నాడు. కోపంగా కాదు. అనేసి ఇంటికెళ్ళిపోయాడు.

నమోదు 2691. వాపసు: నూటికి 86

పొద్దున్నే వచ్చి, ఏసురత్నాన్ని కాలు విప్పి ఇమ్మన్నాను. ఎందుకని అడగలేదు, ఇచ్చాడు.

ఆముదం గుళికలు చారెడు తీసుకున్నాను. ఇంతవరకూ ఏ బిందెలోనూ కలవనివి, మొన్ననే చేల నుంచి వచ్చినవి. చిన్న మూకుడులో కరిగించి లప్పంలా చేశాను. దాన్ని ముందువైపు నడిమధ్య వరసలో, ‘ముప్పరాజు’ నుంచి ‘వాపసు అధికారి’ దాకా, అక్షరం అక్షరం పూడ్చుకుంటూ వచ్చాను. చిలకలు కూడా పోయాయి. నాకు బాధ కలగలేదని రాస్తే అది అబద్ధం. ‘సుభాషిణి’ దగ్గర చెయ్యి కాసేపు ఆగింది.

అది ఆరి గట్టిపడటానికి రెండు గంటలు పట్టింది. చుట్టూ కాలు బూడిద రంగు, ఆ వరస మాత్రం వెన్నలా తెల్లగా వచ్చింది. సూదికలం తీసుకుని అడిగాను.

“ఏమని రాయమంటారు?”

ఇరవై ఏళ్ళలో అతన్ని ‘మీరు’ అనడం ఇదే మొదటిసారని అన్న తర్వాతగానీ నాకు తెలియలేదు. అతనికి వెంటనే తెలిసింది. తలెత్తి నా మొహంలోకి చూశాడు.

“పూర్తి పేరు రాయండి మేడమ్. ఇంటిపేరుతో.”

‘దారా ఏసురత్నం’ అని రాశాను. అతనంత బాగా నాకు రాదు. ‘త్న’ కొంచెం పక్కకు ఒరిగింది. వరసలు పన్నెండే కాబట్టి తనిఖీ యంత్రం చప్పుడు చేయలేదు.

ఆయన కాలు తొడుక్కున్నారు. అద్దం ముందు నిలబడి చూసుకున్నారు. తర్వాత వంగి, ఎడమ వైపు ప్యాంటు మూడు మడతలు పెట్టి మోకాలి పైకి ఎత్తుకుని, ఎవరూ బతిమాలకుండానే, బజారు వైపు నడిచి వెళ్ళారు.

వస్తువు: కాలు, ఎడమది.
జన్మ: నాలుగు. ముందువైపు జానెడు మేర మాత్రం ఒకటి.
వాపసు గడువు: రెండేళ్ళు.
అడగడానికి ఇంకో అధికారిని పంపండి. నేను వెళ్ళను.